బ్లాక్‌జాక్‌లో కౌంట్‌ను బట్టి పందెం నిర్ణయించుకోవడం ఎలా?

ముక్కల లెక్క నేర్చుకున్నవారిలో చాలామంది, కౌంట్ తప్పకుండా నిలుపుకోగలిగితే బ్లాక్‌జాక్‌లో గెలుపు దానంతట అదే వస్తుందని భావిస్తారు. అది సరికాదు. ఆరు కట్టల ఆటలో ప్రతిసారీ ఒకే మొత్తం కాసే ఆటగాడు, లెక్క ఎంత కచ్చితంగా ఉంచుకున్నా, దీర్ఘకాలంలో నష్టపోతాడు; ఎందుకంటే అక్కడ పంచే హ్యాండ్‌లలో, అంటే ఒక్కో విడత చేతికొచ్చే ముక్కలలో, మూడొంతులకు పైగా క్యాసినోకు అనుకూలంగానో, ఎటూ మొగ్గకుండానో ఉంటాయి. మిగిలిన కొద్ది హ్యాండ్‌ల మీద తగినంత డబ్బు, మిగతావాటి మీద వీలైనంత తక్కువ డబ్బు ఉండేలా చూసుకోవడంలోనే సంపాదన అంతా ఉంది. ఆ తగినంత ఎంత అన్నది బల్ల దగ్గర కూర్చున్నాక ఆలోచించవలసిన విషయం కాదు. ఇంట్లో కాగితం మీద తేల్చుకుని, కంఠతా పట్టి వెళ్లవలసిన విషయం.

బేసిక్ స్ట్రాటజీ, అంటే ఏ హ్యాండ్‌కు ముక్క తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో చెప్పే పట్టిక, ఇప్పటికే వచ్చినవారి కోసం ఈ వివరణ రాస్తున్నాను. అది ఇంకా తడబడుతూ ఉంటే పందెం పెంచే ఆలోచన వాయిదా వేయడం మంచిది, ఎందుకంటే పెద్ద పందెం మీద చేసే తప్పు కూడా అంతే పెద్దదవుతుంది.

ముందుగా లెక్కను ఒకసారి గుర్తుచేసుకుందాం. హై-లో పద్ధతిలో 2 నుంచి 6 వరకు ముక్కలకు ప్లస్ 1, 7, 8, 9కి సున్నా, పదులకు, బొమ్మలకు, ఆసులకు మైనస్ 1. ఎడ్వర్డ్ థార్ప్ 1962లో ముక్కల లెక్కతో క్యాసినోపై పైచేయి సాధించవచ్చని గణితంతో నిరూపించి చూపాక, 1963లో హార్వీ డబ్నర్ ప్రతిపాదించిన ఈ సులువైన పద్ధతే నేటికీ ఎక్కువమంది వాడుతున్నది. చిన్న ముక్కలు ఎక్కువగా బయటికి పోతే మిగిలిన వాటిలో పదులు, ఆసులు చిక్కబడతాయి. అప్పుడు ఒకటికి ఒకటిన్నర చెల్లించే బ్లాక్‌జాక్‌లు, అంటే మొదటి రెండు ముక్కలే ఆసు, పది విలువ ముక్క అయిన హ్యాండ్‌లు, ఎక్కువ పడతాయి, పందెం రెట్టించిన చోట మంచి ముక్క వస్తుంది, 12 నుంచి 16 మధ్య చిక్కుకున్న డీలర్ నిబంధన ప్రకారం ముక్క తీయక తప్పదు కనుక 21 దాటి ఓడిపోవడం ఎక్కువవుతుంది. పదమూడు ముక్కల రమ్మీలో ఎదుటివారు వేసే ముక్కల మీద కన్నేసి ఉంచే అలవాటు ఉన్నవారికి ఈ చూపు త్వరగా పట్టుబడుతుంది.

ఇలా ముక్క ముక్కకూ కూడుతూ వచ్చే మొత్తమే రన్నింగ్ కౌంట్. పందేనికి ఆధారం మాత్రం అది కాదు, ట్రూ కౌంట్. రన్నింగ్ కౌంట్‌ను ఇంకా పంచవలసి ఉన్న కట్టల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ట్రూ కౌంట్. ఆరు కట్టల షూలో, అంటే కలిపిన కట్టలను ఉంచి ముక్కలు పంచే పెట్టెలో, ఒక కట్ట మాత్రమే అయిపోయినప్పుడు రన్నింగ్ కౌంట్ ప్లస్ 9 ఉన్నదనుకోండి. మిగిలినవి 5 కట్టలు. 9ని 5తో భాగిస్తే 1.8, భిన్నం వదిలేసి ప్లస్ 1గా తీసుకోవాలి. అదే ప్లస్ 9 మూడు కట్టలు అయ్యాక కనిపిస్తే ట్రూ కౌంట్ ప్లస్ 3, నాలుగున్నర కట్టలు అయ్యాక కనిపిస్తే ప్లస్ 6. ఒకే సంఖ్య మొదటి సందర్భంలో కనీస పందేన్ని, చివరి సందర్భంలో గరిష్ఠ పందేన్ని కోరుతున్నది. అందుకే ఆడేసిన ముక్కల ట్రేను చూసి ఎన్ని కట్టలు అయ్యాయో అంచనా వేయడం కౌంట్ అంత ముఖ్యమైన విద్య, చాలామంది నిర్లక్ష్యం చేసే విద్య కూడా.

దీనిని ఇంట్లోనే సాధన చేయవచ్చు. బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వంటి చోట్ల ఒకే ఫ్లాట్‌లో నలుగురైదుగురు కలిసి ఉండే మనవాళ్లకు ఇది మరీ సులువు. ఒకే రకం పేక కట్టలు ఆరు కొని, ఒక కట్ట, కట్టన్నర, రెండు కట్టలు ఇలా అరకట్ట తేడాతో దొంతరలు పేర్చి, ఎత్తు చూడగానే సంఖ్య చెప్పగలిగేదాకా అభ్యాసం చేయాలి. ఒక కట్ట మందం సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. తర్వాత ఒకరు డీలర్‌గా పంచాలి, మిగిలినవారు ఆడాలి. చిప్స్‌గా చింతపిక్కలు, గవ్వలు చాలు. పిక్క 500, గవ్వ 1,000 అనుకోవచ్చు. నిజమైన డబ్బు పెట్టవద్దు. కర్ణాటక పోలీసు చట్టం, 1963 ప్రకారం జూదగృహం నడపడమే కాదు, అక్కడ ఆడడం కూడా శిక్షార్హమే, పైగా సాధనకు డబ్బుతో పనిలేదు. ప్రతి పంపకం ముగియగానే డీలర్ ఆగి, "ఎంత అన్నా?" అని అడిగేలోపు ఆడేవారు పిక్కలు ముందుకు జరపాలి, ఆ తర్వాతే రన్నింగ్ కౌంట్, మిగిలిన కట్టలు, ట్రూ కౌంట్ వరుసగా చెప్పాలి. చెయ్యి ముందు, నోరు తర్వాత అన్న ఈ క్రమం ముఖ్యం, ఎందుకంటే నిజమైన బల్ల దగ్గర ఆలోచించుకోవడానికి దొరికేది డీలర్ ముక్కలు ఎత్తి ట్రేలో వేసేంత సమయం మాత్రమే. షూ చివరకు వచ్చాక పంచకుండా మిగిలిన ముక్కలను తిప్పి లెక్కించండి. ఆ మొత్తం మీ రన్నింగ్ కౌంట్‌కు సరిగ్గా వ్యతిరేక సంఖ్య కావాలి. మీది ప్లస్ 7 అయితే అక్కడ మైనస్ 7 రావాలి. రాలేదంటే ఎక్కడో ముక్క జారిందన్నమాట. నిశ్శబ్దంలో కుదిరాక టీవీ పెట్టి, మాట్లాడుకుంటూ అదే పని చేయాలి.

ఇక ట్రూ కౌంట్‌కు, లాభానికి ఉన్న సంబంధం. మంచి నిబంధనలున్న ఆరు కట్టల బల్ల మీద బేసిక్ స్ట్రాటజీ తప్పకుండా ఆడేవారిపై క్యాసినోకు సుమారు అర శాతం ఆధిక్యం ఉంటుంది. ట్రూ కౌంట్ ఒక్కొక్కటి పెరిగినప్పుడల్లా ఆటగాడి వైపు మరో అర శాతం మొగ్గు వస్తుంది. అంటే ప్లస్ 1 దగ్గర ఇద్దరూ సమానం, ప్లస్ 2 దగ్గర మనకు అర శాతం, ప్లస్ 3 దగ్గర ఒక శాతం, ప్లస్ 4 దగ్గర ఒకటిన్నర శాతం. ఇవి స్థూలమైన అంకెలే అయినా పందెం వేయడానికి సరిపోతాయి.

అయితే ఈ అంకెలు అన్ని బల్లలకూ వర్తించవు. బ్లాక్‌జాక్‌కు 3:2 చెల్లించే బల్ల మీద 1,000 పందేనికి 1,500 వస్తాయి. 6:5 బల్ల మీద 1,200 మాత్రమే వస్తాయి. చూడడానికి చిన్న తేడాలా ఉన్నా, అది క్యాసినో ఆధిక్యాన్ని సుమారు 1.4 శాతం పెంచుతుంది. అక్కడ ప్లస్ 4 వచ్చేదాకా మనం సమస్థితికి కూడా చేరము. అటువంటి బల్లకు దూరంగా ఉండడమే పని. డీలర్ సాఫ్ట్ 17 మీద, అంటే ఆసును 11గా లెక్కించగా వచ్చిన 17 మీద, ముక్క తీసే నిబంధన మరో 0.2 శాతం తీసుకుపోతుంది. ఆడేసిన ముక్కలను వెంటనే తనలో కలిపేసుకునే నిరంతర షఫ్లింగ్ యంత్రం ఉన్న బల్ల మీద లెక్కకు అర్థమే లేదు. మామూలు షూలో కట్ కార్డును, అంటే పంచడం ఆపి ముక్కలు మళ్లీ కలపవలసిన చోటును చూపే గుర్తును, ఎక్కడ పెడతారో చూడాలి: ఆరింటిలో నాలుగున్నర కట్టలైనా పంచితే ఆడవచ్చు, మూడు కట్టలకే మళ్లీ కలిపేస్తుంటే అధిక కౌంట్లు వచ్చే అవకాశమే కుంచించుకుపోతుంది. పందెం ఎంత తెలివిగా పెంచినా చెడ్డ బల్లను మంచి బల్లగా మార్చలేము.

బల్ల కుదిరాక, ఎంత కాయాలన్నది మీ ఆట పెట్టుబడిని బట్టి ఉంటుంది. ఇక్కడ పెట్టుబడి అంటే ఆ రోజు జేబులో ఉన్న డబ్బు కాదు. ఈ ఆట కోసమే పక్కన పెట్టిన, పూర్తిగా పోయినా ఇంటి అద్దె, ఈఎంఐ, పిల్లల ఫీజు కదలని మొత్తం. అప్పు తెచ్చినది పెట్టుబడి కాదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ప్రకటించిన సూత్రం ప్రకారం, మనకున్న ఆధిక్యాన్ని ఆట ఒడిదుడుకుల కొలతతో భాగిస్తే పెట్టుబడిలో ఎంత వంతు కాయాలో తెలుస్తుంది. బ్లాక్‌జాక్‌లో ఆ కొలత సుమారు 1.3. ఒక శాతం ఆధిక్యానికి 1ని 1.3తో భాగిస్తే 0.77 శాతం, పది లక్షల పెట్టుబడి మీద అది సుమారు 7,700 రూపాయలు.

అంత మొత్తం కాయమని నేను చెప్పను. పూర్తి కెల్లీ ప్రకారం ఆడేవారి పెట్టుబడి, రెట్టింపు కావడానికి ముందే సగానికి పడిపోయే అవకాశం మూడింట ఒకటి. అందులో సగం మాత్రమే కాసేవారికి అది తొమ్మిదింట ఒకటికి తగ్గుతుంది, పెట్టుబడి పెరిగే వేగం మాత్రం నాలుగింట ఒక వంతే తగ్గుతుంది. ఇంత మంచి బేరం ఈ ఆటలో మరొకటి లేదు. పైగా మన ఆధిక్యాన్ని మనం ఎప్పుడూ కాస్త ఎక్కువగానే ఊహించుకుంటాము. అలసట వల్ల జారిన ముక్కలు, తప్పిన అంచనాలు లెక్కలోకి రావు. కెల్లీ సూత్రం చెప్పిన దానికి రెట్టింపు కన్నా ఎక్కువ కాస్తే, ఆధిక్యం మనవైపే ఉన్నా పెట్టుబడి కాలక్రమంలో కరిగిపోతుందన్నది గణితమే చెబుతున్నది. అందుచేత సగం కెల్లీయే సరైన కొలత.

పది లక్షల పెట్టుబడికి, కనీస పందెం 500గా ఉన్న బల్లకు ఒక ఉదాహరణ చూద్దాం. ట్రూ కౌంట్ ప్లస్ 1 గానీ, అంతకంటే తక్కువ గానీ ఉంటే 500. ప్లస్ 2 దగ్గర సగం కెల్లీ 1,925 వస్తుంది. కిందికి దించి 1,500. ప్లస్ 3 దగ్గర 3,850కి బదులు 3,500. ప్లస్ 4 దగ్గర 5,770కి బదులు 5,500. ప్లస్ 5, ఆపైన ఎంత ఉన్నా 6,000 దగ్గర ఆగిపోవాలి. కనీసానికి, గరిష్ఠానికి మధ్య పన్నెండు రెట్ల తేడా ఉన్నది కాబట్టి దీనిని 1 నుంచి 12 స్ప్రెడ్ అంటారు. ఆరు కట్టల ఆటలో 1 నుంచి 4 వంటి చిన్న స్ప్రెడ్‌తో ప్రతి హ్యాండూ ఆడితే, చిన్న పందేల మీద పోయేదాన్ని పెద్ద పందేలు రాబట్టడం చాలా కష్టం. పెట్టుబడి రెండు లక్షలే అయితే పై అంకెలన్నీ ఐదో వంతుకు తగ్గించాలి. అప్పుడు కనీస పందెం 100 కావాలి. అలాంటి బల్ల దొరకకపోతే ఆ పెట్టుబడికి ఆ ఆట సరిపోదని అర్థం. కనీస పందెం ఎలాగూ ఇంతే కదా అని పై అంకెలను పెంచేసుకోవడం సర్వసాధారణంగా జరిగే అనర్థం.

ఈ పట్టికతో గంటకు సుమారు వంద హ్యాండ్‌లు ఆడితే సగటున ఆశించదగినది కొన్ని వందల రూపాయలు. అదే గంటలో ఇటో అటో ఊగే మొత్తం పదిహేను వేలకు పైమాటే. ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే రాసి పెట్టుకుని కాసేపు చూడమని కొత్తవారిని కోరుతాను. వరుసగా ఎన్నో రోజులు నష్టం రావడం ఇక్కడ లోపానికి గుర్తు కాదు, ఒకటి రెండు రోజుల లాభం నైపుణ్యానికి రుజువు కాదు.

బల్ల మీద దీనిని అమలు చేసేటప్పుడు పాటించవలసిన నియమం ఒక్కటే: తదుపరి పందేన్ని ఇప్పుడున్న ట్రూ కౌంట్ మాత్రమే నిర్ణయించాలి. వరుసగా నాలుగు ఓడారా, ఇప్పుడే బ్లాక్‌జాక్ పడిందా, పక్కవారు ఎలా ఆడారు అన్నవి లెక్కలోకి రాకూడదు. ప్లస్ 4 దగ్గర 5,500 కాసి ఓడారు, డీలర్ ముక్కలు ఎత్తాక కూడా ట్రూ కౌంట్ ప్లస్ 4 దగ్గరే ఉంది. అప్పుడు మళ్లీ 5,500 కాయాల్సిందే. చెయ్యి వెనక్కి లాగుతుంది. అక్కడ 1,000 కాసేవారు తాము జాగ్రత్త పడ్డామనుకుంటారు గానీ, ఎన్నో గంటల చిన్న నష్టాలను తిరిగి రాబట్టే అరుదైన అవకాశాన్ని వదులుకుంటున్నారు. అలాగే ప్లస్ 6 దగ్గర గెలిచాక కొత్త షూ మొదలైతే, చేతిలో చిప్స్ ఎన్ని ఉన్నా, మొదటి పందెం 500 మాత్రమే.

పెద్ద పందెం కాసినప్పుడు దాని వెనుక డబ్బు కూడా ఉండాలి. 6,000 పందెం మీద జత ఎనిమిదులు వచ్చి, విడదీసి, మళ్లీ విడదీసి, ఒకటి రెండు చోట్ల రెట్టించవలసి వస్తే ఒకే పంపకంలో ముప్పై వేలు దాటవచ్చు. చిప్స్ అయిపోయాయని రెట్టించకపోవడం అంటే చేతికొచ్చిన ఆధిక్యాన్ని వదిలేయడమే. కనుక ఈ పట్టికకు ఒక విడత ఆటలో లక్ష రూపాయలైనా దగ్గర ఉంచుకోవాలి. ఇన్సూరెన్స్‌ను, అంటే డీలర్‌కు బ్లాక్‌జాక్ ఉందని విడిగా కాసే పందేన్ని, బేసిక్ స్ట్రాటజీ ఎప్పుడూ వద్దంటుంది. కానీ ట్రూ కౌంట్ ప్లస్ 3, ఆపైన ఉన్నప్పుడు డీలర్‌కు ఆసు కనిపిస్తే అది లాభసాటి పందెం. మన పెద్ద పందేలన్నీ సరిగ్గా అక్కడే ఉంటాయి కాబట్టి ఈ ఒక్క మార్పు తప్పకుండా నేర్చుకోవాలి. అధిక కౌంట్‌లో రెండు చోట్ల కాయదలిస్తే ఒక్కోచోట మామూలు పందెంలో సుమారు మూడొంతులు పెట్టాలి. రెండు హ్యాండ్‌లూ ఒకే డీలర్‌తో తలపడతాయి కనుక అవి తరచూ కలిసి గెలుస్తాయి, కలిసి ఓడతాయి.

క్యాసినో సిబ్బంది గమనించేది మీ లెక్కను కాదు, మీ పందేల కదలికను. 500 నుంచి ఒక్కసారిగా 6,000కు ఎగబాకితే డీలర్ ఆ సంగతి పైవారికి వినిపించేలా చెబుతాడు, బల్లలను పర్యవేక్షించే పిట్ బాస్ వచ్చి నిలబడతాడు, పై కెమెరా మీ బల్ల మీదికి తిరుగుతుంది. గెలిచినప్పుడు చిప్స్‌ను అలాగే వదిలి పందెం పెంచడం, ఓడిన హ్యాండ్ తర్వాత తగ్గించడం సహజంగా కనిపిస్తాయి. కౌంట్ కూడా అదే చెప్పినప్పుడు వాటిని వాడుకోవచ్చు. కానీ కనబడడం కోసమే తప్పు పందేలు వేసే వేషాలు ఖరీదైనవి. చిన్న ఆధిక్యం వాటిని భరించలేదు. నా దృష్టిలో ఇంతకన్నా మేలైన దారి, ట్రూ కౌంట్ మైనస్ 1కి దిగినప్పుడు ఫోన్ మాట్లాడాలనో, టీ తాగాలనో లేచిపోవడం, ఒకే చోట గంటకు మించి కూర్చోకపోవడం. బుర్రతో లెక్కపెట్టడం అమెరికాలో నేరం కాదు. అయినా నెవాడాలో క్యాసినో మిమ్మల్ని ఆడవద్దనవచ్చు. న్యూజెర్సీలో 1982 నాటి తీర్పు ప్రకారం లెక్కపెట్టినందుకు వెళ్లగొట్టకూడదు. లెక్కకు ఫోన్ గానీ, మరే పరికరం గానీ వాడితే మాత్రం అది నెవాడాలో 1985 నుంచి తీవ్రమైన నేరం. ఎక్కడికి వెళ్లినా ఆడవద్దంటే వాదించకుండా చిప్స్ మార్చుకుని బయటికి రావాలి.

బెంగళూరు నుంచి వెళ్లేవారికి ముందుగా తోచేది గోవా. అక్కడ డీలర్ పంచే బల్లలను చట్టం ఓడల్లోనే అనుమతిస్తుంది; ఆ ఓడలు మాండవి నది మీద ఉన్నాయి. కానీ క్యాసినోలో కొనే చిప్స్ పూర్తి విలువ మీద 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం జీఎస్టీ ఉన్నది. అంటే లక్ష రూపాయల చిప్స్‌కు నలభై వేలు. ఈ భారంలో పదో వంతు మీ మీద పడినా నాలుగు వేలు. గంటకు కొన్ని వందల ఆధిక్యం దానిని పూడ్చేసరికి రాత్రి గడిచిపోతుంది. కనుక ఎక్కే ముందే కౌంటర్ దగ్గర, నేను ఇచ్చే మొత్తానికి ఆడదగిన చిప్స్ ఎన్ని వస్తాయి, వాటిలో నగదుగా మారేవి ఎన్ని అని అడిగి తెలుసుకోవాలి. దీనికి తోడు పేకాట గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను ఉంది, నష్టాలను అందులోంచి తీసివేయడానికి వీల్లేదు. ఒక రాత్రి లక్ష గెలిచి మరో రాత్రి లక్ష పోగొట్టుకున్నవారికి చేతిలో మిగిలేది సున్నా, పన్ను మాత్రం గెలిచిన లక్ష మీద. భారతదేశంలో పన్ను నివాసిగా ఉన్నవారు కొలంబోలోనో సింగపూర్‌లోనో గెలిచినా ఇక్కడ చూపించవలసిందే. ఈ లెక్కలన్నీ వేశాక నా అభిప్రాయం స్పష్టం: ఇక్కడ స్థిరపడినవారు దీనిని విద్యగా నేర్చుకోవచ్చు గానీ ఆదాయ మార్గంగా ఎంచుకోకూడదు. విదేశాల్లో స్థిరపడినవారు అక్కడి పన్ను చట్టాన్ని ముందు చదివి, ఆ భారం తీసేశాక ఆధిక్యం మిగులుతుందో లేదో చూసుకుని దిగాలి.

ఆడిన ప్రతిసారీ తేదీ, గంటలు, బల్ల నిబంధనలు, కట్ కార్డు స్థానం, వచ్చినదీ పోయినదీ ఒక నోటుపుస్తకంలో రాయాలి. పట్టికను ఆట మధ్యలో ఎన్నడూ మార్చకూడదు. ఇంటికి వచ్చాక మొత్తం పెట్టుబడిని చూసి మార్చాలి. పది లక్షలు ఏడు లక్షలకు దిగితే ప్లస్ 2 దగ్గర 1,000, ప్లస్ 3 దగ్గర 2,500, ప్లస్ 4 దగ్గర 4,000, ఆపైన 5,000గా కొత్త అంకెలు రాసుకుని, పిక్కలు గవ్వలతో మళ్లీ కొన్ని షూలు ఆడి, చెయ్యి పాత అంకెలను మరిచిపోయిందని నిర్ధారించుకున్నాకే తిరిగి బల్ల దగ్గరికి వెళ్లాలి.